శ్రీహరికోట కర్ణధారి సతీష్ ధావన్

నెల్లూరు సీమకు తూర్పు అంచున, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ పొడవైన దీవి యొకటి కలదు. దాని పేరు శ్రీహరికోట. సూళ్లూరుపేటనుండి తూర్పుగా బయలుదేరిన బాట ఉప్పునీటి సరస్సును దాటి ఆ దీవిని చేరును. ఒకప్పుడు అచ్చట దట్టమైన అడవి యుండెను. యానాదులు ఆ యడవిలో తేనెయు దుంపలును సేకరించుకొనుచు, సరస్సులో చేపలు పట్టుకొనుచు జీవించెడివారు. 1969వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఆ దీవిని రాకెట్టు ప్రయోగములకు ఎన్నుకొనెను. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచుండుటచే, తూర్పుముఖముగా ఎగసిన రాకెట్టునకు ఆ వేగము కొంత తోడుపడును. తూర్పున అంతయు సముద్రమే యగుటచే, ప్రయోగము విఫలమైనను శకలములు జనుల ఇండ్లపై పడవు. ఈ రెండు సౌకర్యములును శ్రీహరికోటకు గలవు. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు అచ్చటినుండి తొలిసారిగా ఆకాశమున కెగసెను.

నేడు ఆ కేంద్రమునకు సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరినది. అయినను ఆ దీవి చరిత్రలో ఎక్కువ భాగము నెల్లూరు జిల్లాతోనే ముడివడి యున్నది. కాశ్మీరములో పుట్టి, లాహోరులో చదివి, బెంగుళూరులో జీవించిన ఒక పెద్దమనిషి పేరు మన తెలుగు తీరమున శాశ్వతముగా నిలుచుటకు కారణమేమి? ఆయన సాధించిన విజయములు అనేకములు కలవు. కాని వాటికంటె గూడ, ఒక అపజయము సంభవించిన దినమున ఆయన నడచుకొన్న తీరు విద్యార్థులు తెలిసికొనదగినది.

సతీష్ ధావన్ 1920 సెప్టెంబరు 25వ తేదీన శ్రీనగరమున జన్మించెను. ఆయన తండ్రి ప్రభుత్వములో ఉన్నతోద్యోగి. ధావన్ చదువు లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున సాగెను. ఆ చదువు విచిత్రమైనది. మొదట గణిత భౌతికశాస్త్రములలో పట్టము పొందెను. పిమ్మట ఆంగ్ల సాహిత్యములో ఎం.ఏ. పట్టమును సంపాదించెను. అటుపై యంత్రశాస్త్రమున ఇంజనీరు పట్టమును గైకొనెను. లెక్కలు వచ్చినవానికి సాహిత్యము రాదనియు, సాహిత్యము చదివినవానికి యంత్రములు పనికిరావనియు తలచువారికి ఆయన జీవితమే సమాధానము.

కొంతకాలము బెంగుళూరులోని హిందూస్థాన్ విమాన కర్మాగారమున పనిచేసిన తరువాత ఆయన అమెరికాకు వెళ్లెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయములో విమానశాస్త్రము నభ్యసించి, అచ్చటినుండి కాలిఫోర్నియాలోని సుప్రసిద్ధ సాంకేతిక విద్యాలయమున చేరెను. అచ్చట హాన్స్ లీప్‌మన్ అను ఆచార్యుని యొద్ద పరిశోధన గావించి 1951లో డాక్టరు పట్టమును పొందెను.

ఆ పరిశోధన ఎట్టిదో కొంచెము తెలిసికొందము. విమానము వేగముగా పోవునప్పుడు గాలి దాని రెక్కలను ఒరసికొని పోవును. ఆ ఒరపిడి విమానమును వెనుకకు లాగుచుండును. అది ఎంత బలముతో లాగుచున్నదో శాస్త్రజ్ఞులు అంతకుముందు చాలవరకు ఇతర కొలతలనుబట్టి లెక్కగట్టెడివారు. ధావన్ ఆ ఒరపిడినే సూటిగా కొలువదలచెను. సమతలములో చిన్న పలకనొకదానిని కదలుటకు వీలుగా అమర్చి, గాలి దానిని ఎంత బలముతో నెట్టుచున్నదో కొలుచు సాధనమును ఆయన నిర్మించెను. ఊహించుట కంటె కొలిచి చూచుట మేలను ఈ నియమమును ఆయన జీవితాంతము విడువలేదు.

1951లోనే ఆయన స్వదేశమునకు తిరిగివచ్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరెను. అప్పుడు దేశము క్రొత్తగా స్వాతంత్ర్యము పొందినది. ధనము తక్కువ, పరికరములు తక్కువ. ఆయన అందుబాటులోనున్న సామగ్రితోనే శబ్దమును మించిన వేగముతో గాలిని ప్రవహింపజేయు వాయుసొరంగమును అచ్చట నిర్మింపజేసెను. అట్టి సొరంగములో విమాన నమూనా నుంచి, పైనున్న గాలిలో అది ఎట్లు ప్రవర్తించునో నేలపైననే పరీక్షింపవచ్చును. విద్యార్థులు ఆయన పాఠములను ప్రీతితో వినెడివారు. 1955లో ఆయన విమానశాస్త్ర శాఖకు అధిపతి యయ్యెను. 1962లో ఆ సంస్థకే అధ్యక్షుడై 1981 వరకును, అనగా సుమారు పందొమ్మిది సంవత్సరములు, ఆ పదవిని నిర్వహించెను. ఆయన కాలమున అచ్చట కంప్యూటరు శాస్త్రము, జీవావరణ శాస్త్రము, వాయుమండల శాస్త్రము వంటి క్రొత్త విద్యలు వేరూనెను.

1971 డిసెంబరు 30వ తేదీన భారత అంతరిక్ష కార్యక్రమమునకు పితామహుడైన విక్రమ్ సారాభాయి హఠాత్తుగా మరణించెను. ఆ భారమును వహింపదగినవా రెవరని వెదకిన ప్రభుత్వమునకు ధావన్ కనబడెను. ఆయన అప్పుడు సెలవుమీద కాలిఫోర్నియాలో బోధించుచుండెను. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఆయనను ఆహ్వానింపగా ఆయన కొన్ని షరతులు పెట్టెను. తాను విజ్ఞాన సంస్థ అధ్యక్షపదవిని విడువననియు, అంతరిక్ష సంస్థ ప్రధాన కార్యాలయము బెంగుళూరులో నుండవలెననియు, చేతబట్టిన బోధన ముగించుకొనియే వత్తుననియు తెలియజేసెను. ప్రధానమంత్రి అందుల కంగీకరించెను. ఆయన 1972లో అంతరిక్ష సంస్థకు అధ్యక్షుడై 1984 వరకు ఆ పదవిలో నుండెను. రెండు పెద్ద పదవులను నిర్వహించుచున్నను, అంతరిక్ష సంస్థనుండి నామమాత్రముగా ఒక్క రూపాయి వేతనము మాత్రమే పుచ్చుకొనెనని ప్రసిద్ధి.

భారతదేశము తన ఉపగ్రహమును తన రాకెట్టుతోనే కక్ష్యలో నిలుపవలెనని ఆ దినములలో సంకల్పము. 1975 ఏప్రిల్ 19వ తేదీన ఆర్యభట అను మన మొదటి ఉపగ్రహము ఆకాశమున కెగసినది గాని, దానిని మోసిన రాకెట్టు రష్యావారిది. స్వంత రాకెట్టును నిర్మించు పనికి ఎస్.ఎల్.వి.-3 అని పేరు పెట్టిరి. ఆ పనికి ఏ.పి.జె. అబ్దుల్ కలాము నాయకుడు. ఆ రాకెట్టు సుమారు 22 మీటర్ల యెత్తు, 17 టన్నుల బరువు గలది. అది నాలుగు అంచెలుగా నిర్మింపబడినది. మొదటి అంచె మండి రాలిపోగానే రెండవది మండును. ఆ క్రమముననే నాలుగును పని ముగించినయెడల ఉపగ్రహము కక్ష్యను చేరును.

ప్రయోగమునకు ముందు రాకెట్టులోని ప్రతిభాగమును పరీక్షించు పని కంప్యూటరునకు అప్పగింపబడెను. ఈ విషయమును మీరు మీ తరగతిగది దృష్టాంతముతో తెలిసికొనవచ్చును. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి వరుసగా పేర్లు పిలుచును. పిలిచిన ప్రతివాడును పలుకవలెను. అట్లే కంప్యూటరు తనయందు భద్రపరుపబడిన పట్టికననుసరించి ఒక్కొక్క భాగమును గూర్చియు ప్రశ్న వేయును. కవాటము మూసికొన్నదా? తొట్టిలో పీడన మెంత? విద్యుత్తు సరిగా నున్నదా? వచ్చిన సమాధానమును, ఉండవలసిన విలువతో పోల్చి చూచును. రెండును ఏకీభవించినచో ముందుకు సాగును. ఏకీభవింపనిచో ఆగి, దోషము కలదని తెలుపును.

1979 ఆగస్టు 10వ తేదీ వచ్చెను. శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి.-3 ప్రయోగమునకు సిద్ధముగా నిలిచెను. ఎన్నో సంవత్సరములుగా వేలమంది పడిన శ్రమ ఆ స్తంభాకారమున రూపుదాల్చి యుండెను. ప్రయోగ ఘడియ సమీపించినప్పుడు కంప్యూటరు తన పట్టికను చూచుకొనుచు పోయి, హఠాత్తుగా ఆగిపోయెను. నియంత్రణ వ్యవస్థలో ఏదియో సరిగా లేదని అది తెలిపెను. కలాము వెనుక నిపుణులు నిలిచి యుండిరి. వారు లెక్కలు చూచి, కొంత ద్రవము కారినను కావలసిన దానికంటె అధికముగా నిలువ కలదనియు, భయము లేదనియు చెప్పిరి. కలాము కంప్యూటరు ఆజ్ఞను త్రోసిపుచ్చి రాకెట్టును ప్రయోగింపజేసెను. ఈ సంగతిని ఆయనయే తరువాతి కాలమున అనేక సభలలో విద్యార్థులకు దాపరికము లేక చెప్పెను.

మొదటి అంచె చక్కగా మండెను. చూచుచున్నవారి హృదయములు ఉప్పొంగెను. కాని రెండవ అంచె మండుచుండగా రాకెట్టు అదుపు తప్పెను. బయలుదేరిన 317 సెకనులకు ఆ ప్రయాణము ముగిసెను. ఉపగ్రహముతో గూడ శకలములు శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరమున సముద్రములో పడిపోయెను.

ఆ క్షణమున అచ్చటివారి మనఃస్థితిని ఊహించుకొనుడు. కలాము మిక్కిలి క్రుంగిపోయి యుండెను. బయట పత్రికా విలేఖరులు వేచియుండిరి. ప్రజాధనము సముద్రము పాలైనదను నింద రాక తప్పదు. ఆ నింద ఎవరిపై పడవలెను? రాకెట్టు నిర్మాణమునకు నాయకుడు కలాము. కంప్యూటరు వలదన్నను సాగుమన్నవాడును ఆయనయే. ధావన్ ఆయనను వేలెత్తి చూపి తాను తప్పించుకొనవచ్చును. కాని ఆయన అట్లు చేయలేదు. కలామును వెంటనిడుకొని విలేఖరుల యెదుటకు తానే పోయి, సంస్థాధిపతిగా ఆ వైఫల్యమునకు బాధ్యత తనదేయని ప్రకటించెను. తన వారిపై తనకు పూర్ణవిశ్వాసము కలదనియు, మఱుసటి సంవత్సరమున వారు తప్పక విజయము సాధింతురనియు తెలిపెను. విమర్శలు వచ్చెను. అవి అన్నియు ఆయన మీదుగా పోయెనేగాని పనివారిని తాకలేదు.

బాధ్యతను తాను వహించినంత మాత్రమున దోషమును మరుగుపరుపవలెనని ఆయన తలపలేదు. నిందను మనుష్యులపైనుండి తొలగించి, పరిశోధనను దోషముపైకి మరల్చెను. పని చేసినవారు శిక్షకు భయపడినచో నిజమును దాచుదురు. నిజము దాగినచో దోషము దొరకదు. భయము తొలగిన చోటనే సత్యము వెలుపలికి వచ్చును.

రాకెట్టు ఎగసిన క్షణమునుండి కూలినవరకును అది నేలకు పంపిన సమాచారమంతయు నమోదై యుండెను. పరిశీలక సంఘము వారు ఆ సమాచారమును వెనుకనుండి ముందునకు ఒక్కొక్క మెట్టుగా పరీక్షించిరి. రాకెట్టు కూలుటకు కారణమేమి? రెండవ అంచెలో దిశను సరిదిద్దు బలము లేకపోవుట. ఆ బలమేల లేకపోయెను? రెండు ద్రవములు కలిసినప్పుడే ఆ బలము పుట్టును. అందు ఒకటి ఇంధనము, రెండవది దానిని మండించు గాఢ నత్రికామ్లము. అవసరమైనప్పుడు ఇంధనము వచ్చినదిగాని ఆమ్లము రాలేదు. ఆమ్లమేల రాలేదు? తొట్టినుండి అంతకుముందే కారిపోయినది. ఏల కారిపోయెను? ప్రయోగమునకు ఎనిమిది నిమిషములు ముందు ఆజ్ఞ నందుకొని తెరచుకొన్న విద్యుత్కవాటము తిరిగి మూసికొనలేదు. ఏల మూసికొనలేదు? దానిలో మాలిన్యము చిక్కుకొని యుండెను. మనుష్యులు వలసినంత నిలువ కలదని లెక్కగట్టిరి. కాని కవాటము తెరచియే యుండినచో నిలువ ఎంత యున్న నేమి? కుండకు చిల్లి యున్నప్పుడు నీరెంత యున్నదని చూచుట కాదు, చిల్లిని చూడవలెను.

బాలబాలికలారా! ఇందులో మీరు గ్రహింపదగిన నీతి ఒకటి కలదు. హాజరు పిలిచినప్పుడు ఒక విద్యార్థి పలుకలేదనుకొనుడు. అతడు బడికి రాక యుండవచ్చును. వచ్చియు వినక యుండవచ్చును. లేక పట్టీలో పేరు తప్పుగా వ్రాయబడి యుండవచ్చును. ఈ మూడింటిలో ఏది నిజమో తెలిసికొనకుండ ఉపాధ్యాయుడు తనకు తోచినట్లు గుర్తుపెట్టినచో, ఆ పట్టీ అంతయు చెడును. నేడు రైలు టిక్కెట్టు కార్యాలయమునను, బ్యాంకులోను, బియ్యపు దుకాణములోను కంప్యూటర్లే సమాచార నిధులను భద్రపరచుచున్నవి. అడిగిన ప్రశ్నకు సమాధానము దొరకనప్పుడు అవి దోషము కలదని చూపును. అప్పుడు కొందరు విసుగుతో ఆ సూచనను దాటివేయుదురు. కొందరు యంత్రమునే తిట్టుదురు. వివేకి యట్లు చేయడు. ప్రశ్న సరిగా వేయబడినదా, పట్టికలోని పేరు సరియైనదేనా, భద్రపరచిన విలువలో పొరపాటున్నదా, దారిలో ఎక్కడనైన తెగినదా యని వరుసగా చూచును. ఒకేసారి అన్నిటిని మార్చక, ఒక్కొక్కదానిని మార్చి ఫలితమును గమనించును. దోషసూచన మనకు శత్రువు కాదు. అది చిల్లిని చూపు వ్రేలు.

శ్రీహరికోటలో జరిగినదియు ఇదియే. దోషమూలము దొరకిన పిమ్మట దానిని సరిదిద్దిరి. పదునొకండు నెలలు గడచెను. 1980 జులై 18వ తేదీ ఉదయమున ఎస్.ఎల్.వి.-3 మరల ఎగసెను. ఈసారి నాలుగు అంచెలును తమతమ పనిని నెరవేర్చెను. 35 కిలోగ్రాముల బరువుగల రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరెను. తన నేలనుండి తన రాకెట్టుతో తన ఉపగ్రహమును నిలిపిన కొలది దేశముల పంక్తిలో భారతదేశము చేరెను. ఆ దీవిలో సంతోషమునకు మేర లేకపోయెను.

విలేఖరులు మరల వచ్చిరి. నిరుడు నిందను మోయుటకు ముందు నిలిచిన ధావన్, ఈనాడు కీర్తి నందుకొనుటకు ముందుకు రాలేదు. కలామును పిలిచి, సభను నీవే నడుపుమని పంపి, తాను వెనుకకు తగ్గెను. అపజయమును తాను తీసికొని విజయమును తనవారి కిచ్చుట నాయకుని లక్షణమని కలాము ఆనాడు నేర్చుకొనెను. తరువాత దేశమున ఎక్కడ మాటలాడినను ఆయన ఈ కథను చెప్పక మానలేదు.

ధావన్ కాలమున అంతరిక్ష విద్య గ్రామములకును చేరెను. 1975-76 సంవత్సరములలో ఒక అమెరికా ఉపగ్రహము సాయముతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యా కార్యక్రమములు దూరదర్శనము ద్వారా ప్రసారము చేయబడెను. 1979లో భాస్కర, 1981లో ఆపిల్ అను ఉపగ్రహములు ప్రయోగింపబడెను. ఆపిల్ ఉపగ్రహమును పరీక్షించునప్పుడు, లోహముతో చేసిన బండి అడ్డము కాకుండుటకై దానిని ఎడ్లబండిపై నుంచిరి. ఆ చిత్రమును చూచి నవ్వినవారు కలరు. కాని పనికి తగిన సాధనమును ఎన్నుకొనుటలో చిన్నతన మేమున్నది? 1981లో ప్రభుత్వము ధావనునకు పద్మవిభూషణ బిరుదమిచ్చి గౌరవించెను.

ఇంతటి శాస్త్రజ్ఞునకు పక్షులనిన మిక్కిలి ప్రీతి. పులికాటు సరస్సునకు ప్రతి శీతకాలమున రాజహంసలు గుంపులు గుంపులుగా వచ్చును. ఆ సరస్సునకు చేరువనున్న నేలపట్టు చెరువుచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొనును. రాకెట్టుల సందడి నడుమ గూడ ధావన్ ఆ సరస్సు ఒడ్డున నిలిచి పక్షులు రెక్కలాడించు తీరును, గాలిని వాలుగా పట్టి తేలు తీరును శ్రద్ధగా గమనించెడివాడు. పక్షుల యెగురుటను గూర్చి ఆయన ఒక గ్రంథమును గూడ రచించెను. యౌవనమున గాలి ఒరపిడిని కొలిచిన ఆ దృష్టియే వార్ధక్యమున పక్షిరెక్కను పరిశీలించెను.

2002 జనవరి 3వ తేదీన సతీష్ ధావన్ బెంగుళూరులో పరమపదించెను. ఆ సంవత్సరముననే శ్రీహరికోట కేంద్రమునకు ఆయన పేరు పెట్టబడెను. ఆ సంవత్సరము జులై నెలలోనే, ఒకనాడు ఆయన వెనుక తలవంచుకొని నిలిచిన కలాము భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించెను.

చంద్రుని యొద్దకును, అంగారకుని యొద్దకును పోయిన మన నౌకలు అన్నియు ఆ నెల్లూరు తీరపు దీవినుండియే బయలుదేరినవి. ఇప్పటికిని ప్రతి ప్రయోగమునకు ముందు అచ్చట కంప్యూటర్లు ఒక్కొక్క భాగమును ప్రశ్నించుచునే యుండును. దోషము కనబడినచో లెక్కింపు ఆగును. ప్రయోగము వాయిదా పడినను సరియే, కారణము తెలిసిన పిమ్మటనే పని సాగును. సముద్రము పాలైన ఆ మొదటి రాకెట్టు ఇంతటి పాఠమును నేర్పినది. దానిని దేశము వ్యర్థము చేసికొనకుండ కాపాడినవాడు సతీష్ ధావన్.